రైలు డ్రైవర్ కొలువుకు 24 దినాల వయసు ఎక్కువైంది, ఇంకేమన్న తొవ్వ ఉన్నదా?

మిర్యాలగూడ_ఫిట్టర్
ఐటీఐ ఫిట్టర్ చేసిన. పదకొండేండ్ల సంది రైసు మిల్లుల మెకానిక్ పని. మా ఊరు పట్టాల పక్కనే. నారాయణాద్రి పోయిందంటే అన్నం టైమ్ అయిందని లెక్క మా ఇంట్ల. ఎప్పటికైనా ఇంజన్ ఎక్కాలె అని పిచ్చి.

అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్ (01/2025, 9970 పోస్టులు) అప్లికేషన్లు నిన్న, 2025 ఏప్రిల్ 12న, షురూ అయినయి. వయసు 18 నుంచి 30. ఓబీసీకి 3 కలిపితే 33. జులై 1 నాటికి లెక్క. అంటే ఓబీసీ వాళ్లు 02-07-1992 నాడో ఆ తర్వాతనో పుట్టి ఉండాలె. నా టెన్త్ మెమో మీద 08-06-1992 ఉన్నది. 24 దినాలు. తేది కొడితే ఫారం ముందుకే పోతలేదు.

మా అమ్మనడిగితే నువ్వు పుట్టింది బతుకమ్మ పండుగ ముందట, నీళ్లాడిన మూడోనాడు ఇంటి ముందర ఆడోళ్లు బతుకమ్మ ఆడిన్రు అంటది. బడిల సారు జూన్ అని రాసుకున్నడు. ఇప్పుడు మెమోల తేది మార్పిచ్చుకోవచ్చా? లేకపోతే ఇంకేమన్న తొవ్వ ఉన్నదా? పిచ్చి ప్రశ్న అనుకోకుండ్రి, మూడు దినాల సంది నిద్ర పడ్తలేదు.

పాలమూరు_పోరడు
నాది కూడ జూన్. మా అన్నది జూన్. మా క్లాసుల 32 మంది ఉంటే 27 మంది జూన్ల పుట్టినోళ్లే.

జడ్చర్ల_జంక్షన్
మా తాన 1వ తారీఖు. సారుకు 8 అని రాసే ఓపిక గూడ లేదు.

పాలమూరు_పోరడు
@జడ్చర్ల_జంక్షన్ జడ్చర్ల ఎప్పుడు జంక్షన్ అయిందన్నా?

జడ్చర్ల_జంక్షన్
హైవే జంక్షన్ తమ్మీ. నీకు రైలు తప్ప ఇంకేం కనపడదా.

టీచరమ్మ_నకిరేకల్
రిటైరైన టీచర్‌ని. తిట్టేదుంటే నన్ను తిట్టండి. ఒకటో తరగతిలో చేర్చాలంటే ఐదేళ్లు నిండాలి. బడి తెరిచేది జూన్‌లో. తల్లిదండ్రులు "పెద్ద వాన పడ్డ ఏడు", "మా బర్రె ఈనిన నెల" అని చెప్పేవాళ్లు. రిజిస్టర్‌లో తేదీ లేకుండా పేరు ఎక్కించలేం. అందుకే ఐదేళ్లు నిండేలా జూన్ వేసేవాళ్లం. పిల్లవాడు ముప్పై ఏళ్ల తర్వాత రైలు ఇంజన్ ఎక్కుతానంటాడని మాకేం తెలుసు?

మార్పు గురించి మాత్రం ఆశ పెట్టుకోకండి. టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నదే రైల్వే వాళ్లకు పుట్టిన తేదీ. తర్వాత మార్చుకున్నానన్నా ఒప్పుకోమని నోటిఫికేషన్‌లోనే రాస్తారు.

మిర్యాలగూడ_ఫిట్టర్
@టీచరమ్మ_నకిరేకల్ మిమ్మల్ని తిట్టను మేడం. మా సారు చనిపోయిండు పాపం. లేకుంటే పోయి ఒక్క మాట అడుగుదును.

దేవరకొండ_డిప్లొమా
నువ్వు 2024ల ఎందుకు పెట్టలే? అప్పుడు కరోనా పేరు మీద అందరికీ మూడేండ్లు ఎక్కువిచ్చిన్రు. జనరల్‌కే 33, ఓబీసీకి 36. నీకప్పుడు 33 కూడ నిండలే.

మిర్యాలగూడ_ఫిట్టర్
ఆ మాట అడుగొద్దన్నా. అప్పుడు మా నాయినను దవాఖానల ఏసినం. దేశం మొత్తానికి 5696 పోస్టులే అన్నరు, మనకేడికెల్లి వస్తది అని ఇడిసిపెట్టిన. తర్వాత అవే 18,799 చేసిన్రు.

పాలమూరు_పోరడు
😬

కోచింగ్_బాధితుడు
ఇంకో రకం దెబ్బ నేను చెప్త. పోయిన డిసెంబర్‌ల దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక కోచింగ్ సెంటర్ల పోయి చేరిన. ఆధార్ జిరాక్స్ తీసుకున్నరు, పైసలు తీసుకున్నరు. నాకు 35, జనరల్. నాకు చాన్సు లేదని ఆధార్ చూసినోడు ఒక్కడన్న చెప్పలే. నోటిఫికేషన్ వచ్చినంక అడిగితే "రిలాక్సేషన్ వస్తది సార్, కేసు నడుస్తున్నది" అన్నరు. ఏ కేసో ఇప్పటికీ తెల్వదు. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ పట్టుకపోయిన, దానికి రిజర్వేషనే గని వయసుల సడలింపు లేదంట. అదన్న ముందే చెప్పొద్దా?

దేవరకొండ_డిప్లొమా
బీసీలకు కూడ ఒక మెలిక ఉన్నది. మన రాష్ట్రంల బీసీ అయినంత మాత్రాన సెంట్రల్ల ఓబీసీ కాదు. సెంట్రల్ లిస్టుల మీ కులం ఉండాలె, మీసేవల సెంట్రల్ నమూనా నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెటే తీసుకోవాలె. మా దోస్తు స్టేట్ సర్టిఫికెట్ పట్టుకొని వెరిఫికేషన్‌కు పోయి ఏడ్సుకుంట వచ్చిండు. వయసు రిలాక్సేషన్ దాని మీదనే ఉన్నోళ్లు మెమో కన్నా ముందు అది చూసుకోండి.

సర్వీస్_కన్సల్టెంట్_హైద్
[ఈ పోస్టు తీసేసినం. పైసలకు కొలువు ఇప్పిస్తమనే మాటలు ఇక్కడ పెట్టొద్దు. మళ్లీ పెడితే అకౌంట్ బంద్. — నిర్వాహకుడు]

జడ్చర్ల_జంక్షన్
తీసేయకముందు చదివిన. 24 దినాలు కూడ "మేనేజ్" చేస్తడంట. దినానికి ఎంతనో అడుగుదామనుకున్న, ఇంతల పాయె.

గూడ్స్_గార్డెనర్
వయసు సంగతి తర్వాత, నీ కండ్లు ఎట్లున్నయి? లోకో పైలట్‌కు ఏ-1 మెడికల్. దూరపు చూపు రెండు కండ్లకూ 6/6, అద్దాలు లేకుండ. దగ్గరి చూపు కూడ అద్దాలు లేకుండనే. రంగులు గుర్తుపట్టేది, రాత్రి చూపు, మసక వెలుతుర్ల చూపు అన్నీ చూస్తరు. లేసిక్ (అద్దాలు పోనీకి చేసే లేజర్ ఆపరేషన్) చేపిచ్చుకుంటే అసలు తీసుకోరు. మా బావమరిది 55 వేలు పెట్టి లేసిక్ చేపిచ్చుకొని వచ్చిండు, రైల్వేకు పనికొస్తదని!

పాలమూరు_పోరడు
మరి స్టేషన్ల చూస్తే డ్రైవర్లు అద్దాలు పెట్టుకొని ఉంటరు కదా?

లాబీ_దీపం
@పాలమూరు_పోరడు అది నాలాంటోని చూసి ఉంటవ్. చేరేటప్పుడు అద్దాలు ఉండొద్దు. సర్వీసుల ఉండంగ చూపు తగ్గితే వాళ్ల హద్దుల ఉన్నంత వరకు పెట్టుకోనిస్తరు, ఇంకో జత బ్యాగుల ఉండాలె. 45 దాకా నాలుగేండ్లకోసారి, ఆ తర్వాత రెండేండ్లకోసారి, 55 దాటితే ఏటా మెడికల్. ఫెయిలైతే ఇంజన్ దిగి వేరే కొలువుకు పోవాలె.

నేను గుంటూరు డివిజన్ల గూడ్స్ నడుపుత. సొంతూరు నల్లగొండ దగ్గర. 29కి చేరిన, అప్పుడే అందరు "ఇంత ఆలస్యమా" అన్నరు. ఫిట్టర్ తమ్మీ, నువ్వు ఇంజన్ పిచ్చి అన్నవు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్త.

ఇంజన్ల కూసునుడు పనిల ఒక వంతు. ఫోన్ రాంగనే లేవాలె, రాత్రి ఒంటి గంట అయినా. లాబీకి (డ్యూటీ ఎక్కే ఆఫీసు) పోయి సైన్ ఆన్ చేసి, తాగలేదని గొట్టంల ఊదాలె, కాషన్ ఆర్డర్ (ఏడ మెల్లగ పోవాలెనో చెప్పే కాగితం) చదువుకోవాలె. ఇంజన్ల కూసున్నంక ఇద్దరం సిగ్నల్ చూసి రంగు బయటికి చెప్పుకోవాలె, గట్టిగ. నువ్వు చూసిన, నేను చూసిన అంటే నడువదు. బండి నడుస్తుంటే నిమిషం సేపు చెయ్యి ఏ హ్యాండిల్ మీదకు పోకపోతే వీసీడీ అని ఒకటుంటది, అది లైటేసి మొత్తుకుంటది. అప్పటికీ పట్టించుకోకపోతే బ్రేకులు అవే పడ్తయి. మా దిక్కు సింగిల్ లైన్. తిప్పర్తిలనో విష్ణుపురంలనో లూపుల (స్టేషన్ల పక్క పట్టాల మీద) పెట్టిన్రంటే ఎక్స్‌ప్రెస్సులు అన్నీ పోయేదాక మనం ఎదురుచూసుడే. సిమెంటు బండికి ఎవ్వడు తొవ్వ ఇడుస్తడు? ఎండాకాలం మూడు గంటలకు ఆ రేకుల గుడిసెల... సరే, అది వద్దులే.

22 ఏండ్ల పోరనికి ఇవి కష్టం కాదు. పెండ్లాం పిల్లలున్నోనికి మొదటి రెండేండ్లు ఇంట్ల లొల్లి ఉంటది. నా బిడ్డ నాలుగో పుట్టినరోజు నాడు నేను రన్నింగ్ రూంల (డ్యూటీ మధ్యల మేం పండుకునే తాన) పప్పన్నం తింటున్న. పండుగ అనేది క్యాలెండర్ల చూసేదే. నెలకు నాలుగు సార్లు 30 గంటల రెస్టు వస్తది, దాంట్ల సగం నిద్రకే పోతది.

అయినా మళ్లీ అడిగితే ఇదే కొలువు చేస్త. తెల్లారంగ కృష్ణా బ్రిడ్జి మీదికి బండి ఎక్కినప్పుడు ఎట్లుంటదో చెప్పనీకి నాకు రాదు.

గూడ్స్_గార్డెనర్
బ్రిడ్జి సంగతి ఒక్కటి చెప్పి ముందటి బాధంతా మరిపిచ్చినవ్ అన్నా. ఇదే మోసం.

వనపర్తి_అక్క
మధ్యల వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు 36. ఓబీసీ. ఎలక్ట్రికల్ డిప్లొమా. మా ఆయన పోయి మూడేండ్లు అయింది. వితంతువులకు వయసు సడలింపు ఉన్నదని విన్న, ఈ పోస్టుకు కూడ ఉంటదా? మా మరిది ఆడోళ్లు రైలు నడుపుడేందని నవ్వుతున్నడు.

దేవరకొండ_డిప్లొమా
@వనపర్తి_అక్క ఉన్నది అక్కా. భర్త పోయినోళ్లకు, విడాకులైనోళ్లకు, కోర్టు ద్వారా వేరు ఉంటున్నోళ్లకు, మళ్లీ పెండ్లి చేసుకోకపోతే జనరల్‌కు 35, ఓబీసీకి 38, ఎస్సీ ఎస్టీలకు 40. మీరు నిక్షేపంగ పెట్టొచ్చు. నోటిఫికేషన్ల మే 11 ఆఖరు తేది అని ఉన్నది. భర్త డెత్ సర్టిఫికెట్, మళ్లీ పెండ్లి చేసుకోలేదని అఫిడవిట్ సిద్ధం పెట్టుకోండి.

లాబీ_దీపం
మీ మరిదికి సురేఖా యాదవ్ పేరు చెప్పండి. సాతారా ఆమె. దేశంల రైలు నడిపిన మొదటి ఆడామె. 2023 మార్చిల షోలాపూర్ నుంచి ముంబైకి వందే భారత్ నడుపుకుంట పోయింది. ఆడోళ్లు మా లాబీల కూడ ఉన్నరు. ఇంజన్ల బాత్రూం లేకపోవుడు మాకే తిప్పలు, వాళ్లకు ఇంకెక్కువ. అది తెలిసే రండి.

వనపర్తి_అక్క
చెప్పిన. "ఆమె ఆమెనే, నువ్వు నువ్వే" అన్నడు. ఫారం మాత్రం నింపుతున్న.

పాలమూరు_పోరడు
అక్కా కరెక్ట్. మరిదికి టికెట్ చూపియ్యకుండ ఎక్కనియ్యకు.

లండన్_లింగమయ్య
నాగర్‌కర్నూల్ మాది. పదమూడేండ్ల సంది ఇంగ్లండ్‌ల ఉన్న. మొదలు బస్సు నడిపిన, 44 ఏండ్లకు ట్రైనీ ట్రైన్ డ్రైవర్ అయిన. ఇక్కడ పై వయసు హద్దు అనేదే లేదు. నాతోటి బ్యాచ్‌ల ఒకామె 51, ముందు నర్సు. అద్దాలు కూడ పెట్టుకోవచ్చు. పరీక్షలు మాత్రం తల తినేస్తయి. ఒక కాగితం నిండ చుక్కల గుంపులు ఇస్తరు, నాలుగు చుక్కలున్నయి ఏరాలె, టైమ్ కొట్టంగనే ఆపాలె. ఇంకోటి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి బీప్ బీప్ అని, ఎన్ని అయినయో లెక్క పెట్టాలె. ఒక కంపెనీల ఫెయిలైన, రెండోదాంట్ల పాస్. వయసు ఎక్కువున్నోళ్లను ఓపిక ఉంటదని ఇష్టపడ్తరని మా ట్రైనర్ చెప్పేటోడు.

జడ్చర్ల_జంక్షన్
అన్నా వీసా పంపు, ఫిట్టర్ రేపే ఎక్కుతడు.

లండన్_లింగమయ్య
అదే తిప్పల. ఇక్కడ పని చేసే హక్కు ముందే ఉంటే తప్ప బయటోళ్లను ఈ కొలువుకు పిలువరు. ఆశ పెట్టనీకి చెప్పలే. 33కే అయిపాయె అనుకుంటున్నడని చెప్పిన.

గూడ్స్_గార్డెనర్
పోల్చుడు కరెక్ట్ కాదు లింగమయ్యన్నా. ఇక్కడ ఒక్క పోస్టుకు ఎంత మంది పెడ్తరో నీకు తెల్వనిది కాదు. హద్దు తీసేస్తే 50 ఏండ్లోళ్లు కూడ లైన్ల నిలబడ్తరు, 20 ఏండ్ల పోరగాండ్లు ఎటు పోవాలె?

లండన్_లింగమయ్య
అదే లైన్ల నేను కూడ నిలబడినోన్నే తమ్మీ, దొరకకనే ఇటొచ్చిన.

గద్వాల్_గ్యాంగ్‌మన్
అందరు ముందటి తలుపు దగ్గర లొల్లి పెడ్తున్నరు, ఎన్క తలుపు సంగతి ఎవ్వరు చెప్తలేరు. నేను 2018 గ్రూప్-డి (టెన్త్ మీద ఇచ్చే కింది స్థాయి రైల్వే కొలువులు) నోటిఫికేషన్ల పెట్టిన. 2019ల ట్రాక్‌మన్‌గ చేరిన, 33 ఏండ్లకు. గద్వాల దిక్కు ఎండల సుత్తె పట్టుకొని పట్టాలు కొట్టుకుంట తిరిగిన. రైల్వేల ఉన్నోళ్లకు జీడీసీఈ అని లోపటి పరీక్ష ఉంటది. దానికి వయసు జనరల్‌కు 42, ఓబీసీకి 45, ఎస్సీ ఎస్టీలకు 47. ఐటీఐ ఉన్నది కాబట్టి ఏఎల్‌పీకి (అసిస్టెంట్ లోకో పైలట్) పెట్టుకున్న. 38కి సెలెక్ట్ అయిన. మౌలాలిల ట్రైనింగ్. నా పక్క బెంచీల 23 ఏండ్ల పోరడు, నన్ను "అంకుల్" అన్నడు. మూడో వారం నోట్స్ నాయే రాసుకున్నడు, అప్పటి సంది అన్న.

జీడీసీఈ ఏటా రాదు, ఎప్పుడు వేస్తరో వాళ్ల ఇష్టం. ఈలోపట ట్రాక్ మీద పని అల్కగ అనుకోవద్దు. నా మోకాలు ఇప్పటికీ వానొచ్చేది ముందే చెప్తది.

మిర్యాలగూడ_ఫిట్టర్
@గద్వాల్_గ్యాంగ్‌మన్ అన్నా సైకో టెస్ట్ సంగతేంది? అదంటే భయం నాకు.

గద్వాల్_గ్యాంగ్‌మన్
కంప్యూటర్ ముందు ఐదు పరీక్షలు. గుర్తు పెట్టుకునుడు, చెప్పినట్టు చేసుడు, లోతు అంచనా (ఇటుకల బొమ్మలల్ల ఏ ఇటుక ఎన్నిటిని తాకుతున్నది అని), ఏకాగ్రత, చూడంగనే పట్టుకునుడు. ప్రతి దాంట్ల టీ-స్కోరు (అందరి మార్కులతోటి పోల్చి వేసే స్కోరు) 42 రావాలె. నాలుగిట్ల వంద తెచ్చి ఒక్కదాంట్ల 41 వచ్చినా ఔట్, ఏ కులమోళ్లకూ సడలింపు లేదు. నెగెటివ్ మార్కులు మాత్రం లేవు. నేను రాత్రి డ్యూటీ దిగినంక మా బిడ్డ బొమ్మల పుస్తకాలతోటి ప్రాక్టీస్ చేసిన. వయసుకు దానికి సంబంధం లేదు, అలవాటు కావాలె గంతే.

గూడ్స్_గార్డెనర్
వయసుకు సంబంధం లేదంటే ఒప్పుకోను. 22ల నాకు ఇటుకలు కనపడినయి, ఇప్పుడు ఇటుకల మధ్య ఈఎంఐ కనపడ్తది.

దేవరకొండ_డిప్లొమా
పెన్షన్ లెక్క కూడ చూసుకోవాలె. 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన యూపీఎస్‌ల (కేంద్రం కొత్త పెన్షన్ పథకం), ఆఖరు 12 నెలల బేసిక్ సగటుల సగం పెన్షన్ నిండ రావాలంటే 25 ఏండ్ల సర్వీసు ఉండాలె. 60కి రిటైర్మెంట్. అంటే 35 లోపట చేరాలె. గద్వాలన్నది ట్రాక్ సర్వీసు కూడ లెక్కల ఉంటది కాబట్టి ఆయనకు మంచిదే.

కోచింగ్_బాధితుడు
ఎన్క తలుపు మంచిదే గని గ్రూప్-డి ఫారాలు కూడ బంద్ అయినయి కదా. 08/2024, 32,438 పోస్టులు. వయసు 36 దాక ఇచ్చిన్రు, ఓబీసీకి 39. మార్చి 1న క్లోజ్. ఫిట్టరన్నకు అది కూడ పాయె.

జడ్చర్ల_జంక్షన్
ఈ బండి కూడ ఎల్లిపాయెనా. ప్లాట్‌ఫారం మీద చాయ్ తాగుకుంట ఉండు అన్నా.

మిర్యాలగూడ_ఫిట్టర్
మూడు దినాలు రాలే ఇటు. ఒక సంగతి చెప్పాలె, సిగ్గయితున్నది.

గద్వాలన్న పోస్టు రాత్రి మా ఇంటామెకు చదివి వినిపిచ్చిన. ఆమె ఏమనకుండ లేసి బీరువాల కెల్లి ఒక కాగితం తీసింది. ఫిబ్రవరిల గ్రూప్-డి ఫారం నా పేరు మీద ఇంటర్నెట్ సెంటర్ల నింపిచ్చింది. నాకు అప్పుడు చెప్పింది కూడ. "టెన్త్ కొలువు నాకెందుకు, నేను ఐటీఐ" అని ఎగిరి, ఆ కాగితం మొఖం కూడ చూడలే. 500 ఫీజు కట్టింది, పరీక్ష రాస్తే 400 వాపస్ వస్తదని కూడ ఆమెకే తెలుసు.

కండ్లు కూడ చూపిచ్చుకున్న, రెండూ 6/6. నల్లగొండల డాక్టరు వెల్డింగ్ చేసేటప్పుడు షీల్డ్ లేకుండ చూస్తే ఇది ఎక్కువ దినాలు ఉండదు అన్నడు. ఇయ్యాల్టి సంది షీల్డ్.

వనపర్తి_అక్క
మీ ఇంటామెకు నా తరఫున నమస్తే చెప్పండి తమ్ముడూ.

లాబీ_దీపం
మిల్లుల పదకొండేండ్లు బేరింగులు, బెల్టులు చూసినోనివి. లోకో షెడ్డుల టెక్నీషియన్ పోస్టులు పడ్డా ఇడిసిపెట్టకు. వయసు హద్దు చూసుకో, మళ్లీ 24 దినాలు అనకు.

పాలమూరు_పోరడు
గ్రూప్-డికి ఫిజికల్ ఉంటది మరి. 35 కిలోల బరువు ఎత్తుకొని 100 మీటర్లు 2 నిమిషాలల్ల, కింద పెట్టకుండ. తర్వాత 1000 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లల్ల ఉర్కాలె. అన్నా ఉర్కుతవా?

మిర్యాలగూడ_ఫిట్టర్
ఉర్కుడు కష్టమే, పొట్ట వచ్చింది. బరువు సంగతి అల్కగనే. మిల్లుల 25 కిలోల బియ్యం బస్తా మీద 10 కిలోల తౌడు సంచి పెట్టుకొని గోదాం ఈ చివర నుంచి ఆ చివరికి పోతున్న, పొద్దుగాల అందరు రాకముందే.

జడ్చర్ల_జంక్షన్
మీ సేటు చూస్తే బియ్యం ఎత్తుకపోతున్నవ్ అనుకుంటడు.

మిర్యాలగూడ_ఫిట్టర్
నిన్న చూసిండు. హమాలీ రేటు ఇయ్యనని చెప్పిండు.